శాపానికీ గడువుంది



వేటపాలెం మీదుగా రామాపురం ఒడ్డుకు వెళితే ఎదురుగా బంగాళాఖాతం. తీరం వెంబడి ఎగువకు పోతే బాపట్ల సూర్యలంక, ఆ తర్వాత నిజాంపట్నం, రేపల్లె సీమ దాటితే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. యుగయుగాలుగా ఇన్ని నదులు, ఇన్ని కాలవలు వచ్చి పడుతున్నా సముద్రం ఎందుకు నిండి పొర్లదు? పిల్లలు అడిగే ప్రశ్న ఇది. దీనికి మన పూర్వులు చెప్పిన జవాబు చిత్రమైనది. సముద్రం అడుగున ఒక ఆడగుర్రం ఉంది. దాని నోట్లో ఆరని నిప్పుంది. వచ్చిన నీళ్లు వచ్చినట్టే అది తాగేస్తూ ఉంటుంది. అదే బడబాగ్ని.

ఆ నిప్పు ఎలా పుట్టిందో మహాభారతం ఆదిపర్వంలో ఉంది. భృగువంశం మీద పగబట్టిన క్షత్రియులు కడుపులో ఉన్న పిండాలను కూడా వదలకుండా చంపారు. ఒక తల్లి తన బిడ్డను తొడలో దాచుకుంది. ఆ బిడ్డే ఔర్వుడు. పుట్టీ పుట్టగానే అతని తేజస్సుకు శత్రువుల కళ్లు పోయాయి. వాళ్లు కాళ్లావేళ్లా పడితే చూపు తిరిగొచ్చింది గాని, ఔర్వుడి లోపలి మంట చల్లారలేదు. లోకాలన్నిటినీ కాల్చేస్తానని తపస్సుకు కూర్చున్నాడు. అప్పుడు చనిపోయిన పితృదేవతలే దిగివచ్చారు. వద్దు నాయనా, ఆ కోపాన్ని నీళ్లలో వదిలెయ్యి అన్నారు. వదిలాడు. అది గుర్రం మొహంతో కడలిలో మండుతూ ఉండిపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. ఎవరిని చంపారో వాళ్లే వచ్చి, మా కోసం లోకాన్ని తగలబెట్టకు అంటున్నారు. ఇంతకంటే పెద్ద మాట ఏ కథలోనైనా ఉంటుందా అనిపిస్తుంది నాకు.

సముద్రం పొంగిన రోజూ ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచేసింది, రేపల్లె తీరాన్నీ వదల్లేదు. వేలమంది పోయారు. తుపాను వచ్చినప్పుడు కాపాడేది హెచ్చరిక, గట్టి ఇల్లు, సమయానికి వచ్చే బస్సు. కథ చేసే పని వేరు. మనిషి తన భయంతో ఎలా బతకాలో అది నేర్పుతుంది. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ భయాల గురించే: రాక్షసులు, మొసళ్లు, మాంత్రికులు, బేతాళులు, వీటన్నిటి వెనక ఉండే పాత శాపాలు.

మన కథల్లో శాపం చాలావరకు ఒంటరిగా రాదు. శాపం పెట్టిన నోటే విమోచనం ఎప్పుడో కూడా చెబుతుంది. ఫలానావాడు ఫలానా చోట నిన్ను తాకినప్పుడు, నీ చేతులు నరికినప్పుడు, నీతో యుద్ధం చేసినప్పుడు నీకు పాతరూపం వస్తుంది అని. అంటే అది గడువున్న శిక్ష. ఇంకో సంగతి, మన రాక్షసుల్లో చాలామంది పుట్టుకతో రాక్షసులు కారు. ముందు ఎవరో అయి ఉండి, ఏదో తప్పు చేసి, ఆ రూపంలో ఇరుక్కుపోయినవాళ్లు.

కబంధుడిని చూడండి. అరణ్యకాండలో వచ్చే ఈ రాక్షసుడికి తల లేదు. నోరు పొట్టలో ఉంది, రొమ్ము మీద ఒకటే కన్ను. చేతులు యోజనం పొడవు. కూర్చున్న చోటి నుంచి కదలకుండానే చేతులు చాచి దొరికినదాన్ని దొరికినట్టు నోట్లో వేసుకుంటాడు. రామలక్ష్మణులను కూడా అలాగే పట్టుకున్నాడు. రాముడు కుడిచెయ్యి, లక్ష్మణుడు ఎడమచెయ్యి నరికారు. కిందపడ్డవాడు అప్పుడు అడిగాడు, మీరెవరు నాయనా అని. చెప్పగానే వాడికి సంతోషం! ఎందుకంటే ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఆ ఇద్దరి కోసమే.

వాడి పాతకథ ఏమిటంటే, ఒకప్పుడు చాలా అందగాడు. సరదాకి వికారమైన రూపం వేసుకుని అడవిలో మునులను భయపెడుతుండేవాడు. స్థూలశిరుడనే ముని విసిగిపోయి, ఆ రూపమే నీకు ఉండిపోవుగాక అన్నాడు. తర్వాత ఇంద్రుడి వజ్రం దెబ్బకు తల మొండెంలోకి దిగిపోయింది. తిండి ఎలా తినాలని మొరపెట్టుకుంటే ఆ ఇంద్రుడే పొడుగు చేతులు, పొట్టలో నోరు ఇచ్చాడు. రామలక్ష్మణులు చేతులు నరికి దహనం చేసిననాడు విముక్తి అని గడువు పెట్టాడు. వాళ్లు గోయి తవ్వి చితి పేర్చారు. మంటల్లోంచి దివ్యపురుషుడు లేచి, ఋష్యమూకం మీద సుగ్రీవుడున్నాడు, వెళ్లి స్నేహం చేసుకోండి, సీత జాడ తెలుస్తుంది అని దారి చెప్పాడు. రామాయణం మలుపు తిరిగింది అక్కడే. సీతను వెదికే దారి చూపినవాడు నిన్నటిదాకా మనుషులను మింగిన కబంధుడు.

ఈ వరస మన సాహిత్యంలో అడుగడుగునా ఉంది. గజేంద్రమోక్షంలో ఏనుగు అగస్త్యుడి శాపం తగిలిన ఇంద్రద్యుమ్నుడనే రాజు, దాని కాలు పట్టిన మొసలి దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడు. ఇద్దరికీ మోక్షం ఒకే మడుగులో. మన కృష్ణ సముద్రంలో కలిసే చోట హంసలదీవి ఉంది కదా, అక్కడి స్థలపురాణమూ ఇలాంటిదే. జనం పాపాలన్నీ కడిగి కడిగి నల్లబడిన గంగ కాకిరూపంలో తీర్థాలన్నీ తిరిగి, ఈ సంగమంలో మునగ్గానే హంసగా తేలిందంటారు. రేపల్లె వైపు నుంచి చూస్తే ఏటికి ఆవలి గట్టు అది.

తెనాలికైతే సొంతంగా ఒక శాపం ఉంది. రామకృష్ణకవి కాళికాదేవి ఆలయంలో కూర్చుని జపం చేశాడు. అమ్మవారు పాలగిన్నె, పెరుగుగిన్నె పట్టుకుని ప్రత్యక్షమైంది. ఒకటి విద్య, ఒకటి ధనం, ఏది కావాలో కోరుకోమంది. రెండూ కలిపి తాగేశాడు. వికటకవివి కమ్మని ఆమె శపించింది. ఆ శాపంతోనే రాయలవారి కొలువుకెక్కి, ఐదువందల ఏళ్లుగా తెలుగువాళ్లను నవ్విస్తున్నాడు. చారిత్రకంగా చూస్తే ఆయన పాండురంగ మాహాత్మ్యం రాసిన గంభీరమైన కవి. జనం మాత్రం ఆయనకు ఒక దేవత శాపం ఇచ్చి, దాన్ని వరంగా మార్చి దాచుకున్నారు. శాపం ఎంత పెద్దదైనా తెలివైనవాడు దాన్ని తనకు అనుకూలంగా తిప్పుకోగలడని ఈ గడ్డ మీది జనం నమ్మారు. ఆ నమ్మకం నాకు చాలా ఇష్టం.

ఇక్కణ్ణించి సినిమాకు వస్తాను. 1951 మార్చి 15న విడుదలైన పాతాళభైరవి అందరూ చూసిందే. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, నాగిరెడ్డి చక్రపాణుల నిర్మాణం. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, 1908లో తెనాలిలో పుట్టారు. తోటరాముణ్ణి బలి ఇవ్వడానికి నేపాళ మాంత్రికుడు పాతాళభైరవి గుహకు తీసుకొస్తాడు. ముందు స్నానం చేసి రమ్మంటాడు. మడుగులో మొసలి పట్టుకుంటుంది. రాముడు దాన్ని చంపేసరికి శాపం తీరిన దివ్యకాంత బయటికొచ్చి, మాంత్రికుడి పన్నాగం చెప్పేస్తుంది. బలి కావలసినవాడే మాంత్రికుణ్ణి బలి ఇస్తాడు.

ఈ మొసలి చాలా పాతది. అధ్యాత్మ రామాయణంలో హనుమంతుడు సంజీవని కోసం వెళుతుంటే కాలనేమి దొంగముని వేషంలో దారి కాస్తాడు. నీళ్లు తాగి రమ్మని కొలనుకు పంపుతాడు. అక్కడ మకరి పట్టుకుంటుంది. హనుమ దాని నోరు చీల్చగానే ధాన్యమాలి అనే అప్సరస శాపం వదిలి లేచి, వాడు ముని కాడు రాక్షసుడు, జాగ్రత్త అంటుంది. నాలుగు వీధుల కూడలిలో హరికథ విన్న ప్రతి మనిషికీ తెలిసిన ఘట్టం ఇది. అది పాతాళభైరవిలో తోటమాలి కొడుక్కి దక్కింది. హాల్లో కూర్చున్న రైతుకూలీకి ఆ మొసలిని ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. ఎన్నో తరాల నుంచి దాన్ని ఎరుగున్నవాడే. కొత్తదల్లా ఏమిటంటే, దాన్ని చంపింది దేవుడు కాదు, మన ఊరి కుర్రాడు. ఆ సినిమా గొప్పతనంలో సగం ఇక్కడే ఉందని నేను అనుకుంటాను.

అదే నాగిరెడ్డి చక్రపాణులు 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. నేను చందమామ చదువుతూ పెరిగినవాణ్ణి గనుక ఈ మాట కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపిన కలం కొడవటిగంటి కుటుంబరావుది. ఆయనదీ తెనాలే. హేతువాది, మార్క్సిస్టు. దయ్యాలను పిసరంత కూడా నమ్మని మనిషి. అయినా నెలనెలా బేతాళ కథ ఆయన చేతిమీదుగానే పిల్లలకు అందింది. సంస్కృతంలో ఉన్న పాతిక కథలూ అయిపోయాక కొత్తవి పుట్టించి దశాబ్దాల తరబడి కొనసాగించారు. శవాన్ని భుజాన వేసుకుని కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ వేసిన శంకర్ గారు 2020లో పోయారు. ఆ బొమ్మ మాత్రం నా తరంవారి కళ్లలోంచి పోదు.

ఆ బేతాళుడు పెట్టే షరతు గుర్తుచేసుకోండి. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం పోయి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. శ్రమంతా మొదటికొస్తుందని తెలిసి కూడా రాజు ప్రతిసారీ నోరు విప్పుతాడు. న్యాయం తెలిసినవాడు ఊరుకోకూడదన్న సంగతి పిల్లల బుర్రలోకి ఇంత గట్టిగా ఎక్కించిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు.

చందమామ రాక్షసలోకానికి అసలు శిల్పి మాత్రం దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో తెనాలి ప్రాంతపు పెదగాదెలవర్రులో పుట్టారు. 1952లో చందమామలో చేరారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు అని పన్నెండు ధారావాహికలు రాశారు. పేర్లు చదువుతుంటేనే గుండె కొట్టుకుంటుంది. దేనికిందా ఆయన పేరు ఉండేది కాదు. చందమామ పద్ధతి అది. చిత్రా గారి బొమ్మల పక్కన ఆ కథ చదివి, నెలరోజులు ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన లక్షలమంది పిల్లలకు రాసింది ఎవరో తెలియదు. ఆయన 2010 జనవరిలో విజయవాడలో మరణించారు. ఆ ధారావాహికలు తర్వాత ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. ఆలస్యంగానైనా జరగవలసిన న్యాయం జరిగింది.

ఆయన కథానాయకులు తరచు జంటగా వెళతారు. శిఖిముఖి, విక్రమకేసరి. ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఒకడు గోతిలో పడితే ఒకడు తాడు వేస్తాడు. ఎంత భయంకరమైన లోయలోనైనా పిల్లవాడికి పక్కన ఒక స్నేహితుడు ఉంటాడు. మాంత్రికుడికీ దురాశ, తొందరపాటు, భయం ఉంటాయి. అందుకే వాణ్ణి ఓడించవచ్చు. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లడానికి భయపడే పిల్లవాడికి ఇంతకంటే ఏం కావాలి?

దయ్యాన్ని నమ్మనివాళ్లే దయ్యం కథలను ఇంత గొప్పగా తెచ్చారేమిటని కొందరు ఆశ్చర్యపోతారు. తెనాలి చరిత్ర తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. సూతపురాణం రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకుని ఉన్నది ఈ ఊళ్లోనే. 1920ల్లో పురపాలక సంఘాధ్యక్షుడిగా గంగమ్మ జాతరలో జంతుబలిని ఆపించారు. దానికి ఆయన మీద అవిశ్వాస తీర్మానం పెట్టి దించేశారు. మళ్లీ గెలిచి వచ్చారు. అమ్మవారు ఆగ్రహిస్తుందన్న భయాన్ని ఆయన ఎదిరించారు. పురాణాన్ని ఇంత నిశితంగా ప్రశ్నించిన ఊరికి కథను కథగా ప్రేమించడం తెలుసు. నమ్మకం వదిలేసినా కథ మిగులుతుందని, మిగలాలని తెనాలివాళ్లు చేసి చూపించారు.

పడమటి దేశాల్లో ప్రాచీన శాపం అంటే ముందు గుర్తొచ్చేది ఈజిప్టు. 1922 నవంబరులో హోవార్డ్ కార్టర్ టూటన్‌ఖామన్ సమాధిని కనిపెట్టాడు. ఖర్చు పెట్టిన కార్నార్వన్ ప్రభువు 1923 ఏప్రిల్‌లో కైరోలో చనిపోయాడు. దోమకాటు గడ్డం గీసుకునేటప్పుడు తెగి, విషమించి పోయాడు. పత్రికలు దాన్ని ఫారో శాపం చేశాయి. సమాధి తెరిచిన కార్టర్ మాత్రం 1939 దాకా బతికాడు. అయినా ఆ ఊహ మీద ఎన్ని నవలలు, ఎన్ని సినిమాలు వచ్చాయో లెక్కలేదు. ఆ శాపానికి గడువు లేదు. ఎవరు ఏం చేస్తే తీరుతుందో ఎవరూ చెప్పరు. చాలా కథల్లో మమ్మీకి పాతకథ వినిపించే అవకాశమే ఇవ్వరు. కబంధుడికి దక్కిన మాట దానికి దక్కలేదు.

మన దగ్గరా అలాంటి గడువు లేని భయాలు పుట్టాయి. 90ల్లో ఊళ్లకు ఊళ్లు తలుపుల మీద ఓ స్త్రీ రేపు రా అని రాసుకున్నాయి. ఆడదయ్యం రాత్రి తలుపు కొడుతుందని, ఆ రాత చదివి వెళ్లిపోయి మర్నాడు మళ్లీ వస్తుందని పుకారు. ఆ స్త్రీ ఎవరు, ఆమెకు ఏం అన్యాయం జరిగింది, ఏం చేస్తే శాంతిస్తుంది? ఎవరూ అడగలేదు. రోజూ రేపటికి వాయిదా వెయ్యడమే. మన పాత కథకులైతే ఆమెను కూర్చోబెట్టి ముందు ఆమె గోడు విని ఉండేవారు.

1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వస్తుంటే జనం ఎగబడి చదివారు. పాఠకుణ్ణి కుర్చీలోంచి లేవనివ్వని చెయ్యి ఆయనది, అందులో సందేహం లేదు. అయితే పాతాళంలో, రాకాసిలోయలో ఉండే క్షుద్రశక్తి ఆ నవలతో మన పక్కింట్లోకి వచ్చింది. చేతబడి చేసేవాడు మనకు తెలిసినవాడే అయ్యాడు. రంగనాయకమ్మ దాని మీద పుస్తకమే రాశారు, అది తులసిదళం కాదు గంజాయిదమ్ము అంటూ. ఆ తగవులో నేను రంగనాయకమ్మ వైపే. మాంత్రికుడు దుర్గంలో ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. వాడు వీధి చివరి ఇంట్లో ఉన్నాడని నమ్మించిన రోజు ఆ ఇంటి మనిషికి ముప్పు.

ఆ ముప్పు ఊహ కాదు. చేతబడి చేశారని, బాణామతి చేశారని అనుమానించి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మనుషులను చెట్లకు కట్టి కొట్టారు, పళ్లు పీకారు, ప్రాణాలు తీశారు. ఎక్కువసార్లు ఆ నింద పడేది దిక్కులేని ముసలివాళ్ల మీద, ఒంటరి ఆడవాళ్ల మీద. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే, గేదె పాలివ్వకపోతే, వల వేస్తే చేప పడకపోతే ఎవరో ఒకరి పేరు చెప్పేస్తారు. ఆ మనిషికి విమోచనం ఎవరూ చెప్పరు. మన పురాణంలో ఏ ముని కూడా ఇంత నిర్దయగా శపించలేదు.

అందుచేత శ్రోతలకు నా విన్నపం రెండు ముక్కల్లో చెబుతాను. మీ వీధిలో ఎవరినైనా మంత్రగత్తె అని, చేతబడి చేస్తుందని ఎవరైనా అంటే ఆ మాటను అక్కడే ఆపండి. జ్వరానికి ఆసుపత్రి ఉంది, గేదెకు పశువుల డాక్టరు ఉన్నారు. ఆ మనిషి మీద చెయ్యి పడబోతుంటే పోలీసులకు ఫోను చెయ్యండి. రెండోది, మీ పిల్లలకు రాక్షసుల కథలు చెప్పడం మానకండి. భయపడతారని మొసలినీ మాంత్రికుణ్ణీ తీసెయ్యకండి. కథను మధ్యలో వదలకుండా, శాపం ఎలా తీరిందో అక్కడిదాకా చెప్పండి.

ఒడ్డు ఊళ్లలో ముసలివాళ్ల దగ్గర అచ్చుకెక్కని కథలు ఇంకా ఉన్నాయి. గంగమ్మవి, గాలివానవి, వలలో పడ్డ వింత జీవాలవి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోను ఉంది. వాళ్లు చెబుతుంటే రికార్డు చెయ్యండి, తర్వాత రాసి పెట్టండి. రామాపురానికి దగ్గర్లో, వేటపాలెంలో, 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికలను ప్రాణంగా కాపాడుకుంటూ వస్తున్న గ్రంథాలయం అది. మీరు రాసిన కథల ప్రతి ఒకటి అక్కడికి తీసుకెళ్లి ఇవ్వండి.